ఒకే సినిమా, వేర్వేరు డిస్కులు: ‘జోన్ ఆఫ్ ఆర్క్’ ప్రతుల వెనుక తొంభై ఏళ్ల చరిత్ర

డెన్మార్క్ దర్శకుడు కార్ల్ థియొడోర్ డ్రయర్ ఫ్రాన్సులో తీసిన మూకీ చిత్రం ‘ది పాషన్ ఆఫ్ జోన్ ఆఫ్ ఆర్క్’ 1928లో విడుదలైంది. బ్రిటన్ సినిమా పత్రిక ‘సైట్ అండ్ సౌండ్’ 2012లో విమర్శకులతో జరిపిన ఎన్నికలో అది ప్రపంచ ఉత్తమ చిత్రాల జాబితాలో తొమ్మిదో స్థానంలో నిలిచింది. ఇంతటి పేరున్న చిత్రాన్ని ఇంట్లో చూడాలనుకుని డిస్కు కోసం వెతికేవారికి మొదటే ఒక చిక్కు ఎదురవుతుంది. ఒక ప్రతి నిడివి సుమారు 82 నిమిషాలు, మరొకటి సుమారు 97 నిమిషాలు. ఒకదానిలో టైటిల్ కార్డులు (మూకీలో మాటలను అక్షరాల్లో చూపే పలకలు) ఫ్రెంచిలో ఉంటాయి, మరొకదానిలో డేనిష్‌లో. ఒకదానిలో బృందగానం వినిపిస్తే, ఇంకొకదానిలో పియానో తప్ప మరేదీ వినిపించదు. డిస్కులను పోల్చేవారు సాధారణంగా బొమ్మ ఎంత స్పష్టంగా ఉంది, గీతలు, మరకలు ఎంతవరకు పోయాయి అనే చూస్తారు. ఈ చిత్రానికి ఆ కొలతలు చాలవు. ఏ డిస్కు ఏ నెగటివ్ (ప్రింట్లు తీయడానికి ఆధారమైన మూల ఫిలిం) వంశానికి చెందినదో, సెకనుకు ఎన్ని ఫ్రేములు చూపే వేగాన్ని సరైనదిగా ఎంచుకుందో తెలియకుండా వాటి మంచిచెడ్డలు తేల్చడం సాధ్యం కాదు.

ఇంగ్లండుతో జరిగిన యుద్ధంలో ఫ్రెంచి సేనను నడిపిన యువతి జోన్‌ను 1920లో కాథలిక్ చర్చి పునీతురాలిగా ప్రకటించింది. ఆమెపై 1431లో రువాన్ నగరంలో జరిగిన విచారణ రికార్డులను 1921లో చరిత్రకారుడు పియెర్ షాంపియోన్ ప్రచురించాడు. డ్రయర్ ఆ రికార్డులనే తన చిత్రానికి ఆధారం చేసుకున్నాడు. యుద్ధాలు, పట్టాభిషేకాలు పక్కన పెట్టి, నెలల తరబడి సాగిన విచారణను ఒక్క రోజులో జరిగినట్టుగా కుదించి, కథనంతా ముఖాల మీదే నడిపించాడు. జోన్‌గా ఫాల్కొనెట్టి, బిషప్ కోషోన్‌గా యూజీన్ సిల్వాన్, ఆమె మీద జాలి చూపే యువ సన్యాసి మాస్యూగా ఆంతొనాన్ ఆర్తో నటించారు. ఛాయాగ్రాహకుడు రుడాల్ఫ్ మాతే అప్పటికి కొత్తగా వాడుకలోకి వస్తున్న పాంక్రొమాటిక్ ఫిలిం మీద చిత్రీకరించాడు. పాత ఫిలిం ఎరుపు రంగును నల్లగా చూపేది కాబట్టి నటులు ముఖానికి దట్టంగా రంగు పూసుకోవలసి వచ్చేది. కొత్త ఫిలిం చర్మపు ఛాయలను ఉన్నవున్నట్టు పట్టుకోగలగడంతో డ్రయర్ మేకప్‌ను పూర్తిగా మానేశాడు. న్యాయాధిపతుల పులిపిరులు, ముడతలు, చెమట, జోన్ పగిలిన పెదవులు, ఇవన్నీ తెరమీద కనిపించాలన్నది అతని పట్టుదల. గోడలు తెల్లగా మెరిసిపోకుండా తెర మీద లేత బూడిద రంగులో కనిపించడానికి వాటికి గులాబీ రంగు వేయించాడు. డిస్కులను పోల్చేటప్పుడు ఈ రెండు విషయాలూ బాగా పనికివస్తాయి.

చిత్రం 1928 ఏప్రిల్ 21న కోపెన్‌హేగెన్‌లో మొదటిసారి ప్రదర్శితమైంది. ఫ్రాన్సులో మాత్రం అంత సులువుగా విడుదల కాలేదు. పారిస్ ఆర్చిబిషప్ అభ్యంతరాల వల్ల, ప్రభుత్వ సెన్సారు వల్ల కొన్ని భాగాలు కోసివేసిన తరువాతే అక్టోబరులో అక్కడి ప్రేక్షకుల ముందుకు వచ్చింది. ఆ కోతల్లో డ్రయర్ ప్రమేయం లేదు. కాబట్టి తొలి ఏడాదిలోనే డెన్మార్క్‌లో చూపినది ఒకటి, ఫ్రాన్సులో చూపినది మరొకటి అయ్యాయి.

అంతకంటే పెద్ద దెబ్బ అదే ఏడాది డిసెంబరు 6న తగిలింది. బెర్లిన్‌లో జర్మన్ చిత్ర సంస్థ ఊఫా ప్రాంగణంలో చెలరేగిన మంటల్లో అసలు నెగటివ్ కాలిపోయింది. ఆ రోజుల్లో సినిమా ఫిలిం నైట్రేట్‌తో తయారయ్యేది, మండడానికి కావలసిన ఆక్సిజన్ దానిలోనే ఉండేది కాబట్టి ఒకసారి అంటుకుంటే నీళ్లలో ముంచినా ఆరేది కాదు. (రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ 1921లో అందించిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ కూడా నైట్రేట్ యుగపు చిత్రమే, దాని ప్రతి నేడు ఒక్కటీ మిగలలేదు.) డ్రయర్ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. షూటింగులో ఒక్కో దృశ్యానికి అనేక టేకులు తీయడం అతని అలవాటు. ఎడిటర్ మార్గరీట్ బోజేతో కలిసి, మొదటి కూర్పులో వాడకుండా మిగిలిపోయిన టేకులను ఏరి, షాటు వెంట షాటు సరిపోయేలా రెండో నెగటివ్‌ను తయారు చేశాడు. 1929లో బూలోన్-బియాంకూర్‌లోని లేబొరేటరీలో జరిగిన మరో అగ్నిప్రమాదంలో అది కూడా పోయిందని అందరూ అనుకున్నారు. దొరికిన ప్రింట్ల నుంచి ప్రింట్లు తీసి, ముక్కలు అతికించి, సన్నివేశాలు కుదించి తయారుచేసిన నాసిరకం ప్రతులే ఆ తరువాత చాలాకాలం చలామణిలో ఉన్నాయి.

1951లో జోసెఫ్-మరీ లో డూకా అనే చిత్ర చరిత్రకారుడికి ఫ్రెంచి చిత్ర సంస్థ గోమాంట్ భాండాగారంలో ఆ రెండో కూర్పు నెగటివ్ ప్రతి ఒకటి దొరికింది. దొరికినదాన్ని యథాతథంగా ప్రదర్శించి ఉంటే ఎంతో మేలు జరిగేది. లో డూకా దానికి బాఖ్, వివాల్డి కాలపు బరోక్ సంగీతాన్ని జోడించాడు, చాలా టైటిల్ కార్డులను తీసేసి వాటి స్థానంలో సబ్‌టైటిళ్లు పెట్టాడు. మూకీ ఫ్రేము పక్కన శబ్దపు పట్టీ ముద్రించాలంటే ఆ మేరకు బొమ్మ ఎడమ అంచు పోతుంది. ముఖాలను ఫ్రేము అంచులకు నెట్టి, పక్కన ఖాళీ గోడను వదలడం మీదే ఆధారపడిన చిత్రానికి అది చిన్న నష్టం కాదు. డ్రయర్ ఈ ప్రతిని బహిరంగంగానే వ్యతిరేకించాడు. అయినా మూడు దశాబ్దాల పాటు లోకం ఎక్కువగా చూసింది దీన్నే. తన అసలు కూర్పు ఎక్కడో మిగిలి ఉందని తెలియకుండానే డ్రయర్ 1968లో కన్నుమూశాడు.

ఆ అసలు కూర్పు నార్వేలో ఉంది. 1981లో ఆస్లో సమీపంలోని డికెమార్క్ మానసిక వైద్యశాలలో ఒక గదిని ఖాళీ చేస్తుండగా ఫిలిం డబ్బాలు బయటపడ్డాయి. వాటిని నార్వే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌కు పంపారు. పరిశీలిస్తే అది 1928 నాటి డేనిష్ ప్రింటు అనీ, డెన్మార్క్ సెన్సారు అనుమతించిన పూర్తి కూర్పు అనీ తేలింది. అంటే బెర్లిన్‌లో కాలిపోయిన నెగటివ్ నుంచి, పారిస్ కోతలకు ముందు తీసిన ప్రింటు. 1980ల మధ్యలో ఫ్రాన్సు చలనచిత్ర భాండాగారం సినెమాథెక్ ఫ్రాన్సేజ్ దీని ఆధారంగా చిత్రాన్ని పునరుద్ధరించి, డేనిష్ టైటిల్ కార్డుల బదులు ఫ్రెంచి కార్డులను చేర్చింది. ఫ్రెంచి చిత్రానికి ఫ్రెంచి కార్డులు ఉండటం సబబే. కానీ దొరికిన ప్రతిలో ఉన్నవి డేనిష్ కార్డులు, ఫ్రెంచివి తరువాత సమకూర్చినవి. అందుకే ఈనాటికీ డిస్కుల మధ్య ఈ తేడా కొనసాగుతోంది.

1999లో అమెరికాకు చెందిన క్రైటీరియన్ సంస్థ ఈ ఆస్లో కూర్పును డీవీడీగా తెచ్చింది. దానితోపాటు రిచర్డ్ ఐన్‌హార్న్ 1994లో స్వరపరచిన ‘వాయిసెస్ ఆఫ్ లైట్’ కృతిని చేర్చింది. మధ్యయుగపు రచనల నుంచి తీసుకున్న మాటలతో సాగే ఈ బృందగానం చాలామంది మనసుల్లో చిత్రంతో విడదీయరానంతగా కలిసిపోయింది. అది గొప్ప రచన, అందులో సందేహం లేదు. అయితే ఐన్‌హార్న్ దాన్ని చిత్రం చూసి కలిగిన స్ఫూర్తితో స్వతంత్రంగా నిలబడే కృతిగా రాశాడు. పారిస్ విడుదల కోసం విక్టర్ అలీ, లియో పూజే సమకూర్చిన సంగీతం వేరు. ఇదే నా చిత్రానికి తగిన సంగీతమని డ్రయర్ ఖరారు చేసినది ఏదీ లేదు. కాబట్టి సంగీతాన్ని బట్టి ఒక డిస్కు అసలైనదనీ మరొకటి కాదనీ చెప్పడానికి ఆధారం లేదు. కానీ సంగీతాన్ని పూర్తిగా ఆపి చూసే వీలు ఉందా లేదా అన్నది మాత్రం తప్పక చూసుకోవాలి.

అసలు వివాదం వేగం దగ్గర ఉంది. టాకీలు వచ్చాక శబ్దం కోసం సెకనుకు 24 ఫ్రేముల వేగం స్థిరపడింది. మూకీల కాలంలో అలాంటి నియమం లేదు. కెమెరా ఒక వేగంతో తిరిగితే, థియేటరులో ప్రొజెక్టరు మరో వేగంతో తిరగడం మామూలే, 1920ల చివరకు వచ్చేసరికి థియేటర్లు 24కు దగ్గరగా నడపడమూ ఉంది. 24 ఫ్రేముల లెక్కన ఈ చిత్రం 82 నిమిషాల్లోపు ముగుస్తుంది. 20 ఫ్రేముల లెక్కన 97 నిమిషాలు పడుతుంది. ఒక్క షాటు కూడా కోయకుండానే పదిహేను నిమిషాల తేడా వస్తుంది. డిస్కు వెనుక రాసిన నిడివిని చూసి తక్కువ నిమిషాలున్నది కత్తిరించిన ప్రతి అని అనుకునేవారు ఇక్కడే పొరపడుతున్నారు.

ఏది సరైన వేగం అన్నదానికి కాగితపు సాక్ష్యం కంటే తెరమీది మనుషులే మంచి సాక్షులని నాకు అనిపిస్తుంది. కదలని ముఖం దగ్గరినుంచి కనిపించే షాట్లలో రెండు వేగాలకూ తేడా అంతగా తెలియదు. సైనికులు నడిచేచోట, న్యాయాధిపతులు లేచి ఒకరి చెవిలో ఒకరు గుసగుసలాడేచోట, చివర జనం మీద సైన్యం విరుచుకుపడేచోట 24లో కదలికలు కొంచెం తొందరగా, బిగుసుకుపోయినట్టు కనిపిస్తాయి, 20లో మామూలు మనుషుల నడకలా ఉంటాయి. ఫాల్కొనెట్టి కంట్లో ఊరిన నీరు చెంప మీదికి జారడానికి పట్టే సమయం కూడా ఆ లెక్కనే మారుతుంది. మరోవైపు, 24 వేగంలో విచారణ ఒత్తిడి, ప్రశ్న మీద ప్రశ్న వచ్చిపడే ఊపు ఎక్కువవుతాయన్న వాదనను కూడా కొట్టిపారేయలేం. గోమాంట్ 2015లో చేసిన డిజిటల్ పునరుద్ధరణ 24 వేగాన్నే అనుసరించింది.

2012లో బ్రిటన్‌లోని యురేకా సంస్థ తన ‘మాస్టర్స్ ఆఫ్ సినిమా’ వరుసలో తెచ్చిన బ్లూరే ఈ చరిత్రనంతటినీ ఒకే చోట పెట్టింది. అందులో డేనిష్ కార్డులతో 20 వేగపు ప్రతి, దానికి జపాన్ పియానో కళాకారిణి మియె యానాషిటా సంగీతం ఉన్నాయి. 24 వేగపు ప్రతికి లోరెన్ కానర్స్ సంగీతం ఉంది. రెండింటినీ నిశ్శబ్దంగానూ చూడవచ్చు. వీటితోపాటు లో డూకా ప్రతిని కూడా చేర్చడం నా దృష్టిలో ఆ డిస్కు చేసిన అతి మంచి పని. డ్రయర్ దాన్ని నిరాకరించిన మాట నిజమే. కానీ లో డూకా చేర్పుల కింద ఉన్నది డ్రయర్ స్వయంగా ఏర్చికూర్చిన రెండో కూర్పు. అదే దృశ్యంలో ఫాల్కొనెట్టి వేరే టేకులో ఎలా చూసిందో, తల ఎంత వాల్చిందో పోల్చి చూడటానికి అంతకు మించిన అవకాశం ఉండదు. క్రైటీరియన్ 2018లో తన బ్లూరేను విడుదల చేసినప్పుడు తానూ రెండు వేగాలనూ ఇచ్చింది. 24 వేగానికి ‘వాయిసెస్ ఆఫ్ లైట్’తోపాటు ఏడ్రియన్ అట్లీ, విల్ గ్రెగొరీల సంగీతం, డేనిష్ కార్డులున్న 20 వేగానికి యానాషిటా పియానో ఉన్నాయి. 1999లో ఒక్క వేగానికే కట్టుబడిన సంస్థ రెండింటికీ చోటివ్వడాన్ని బట్టి, ఈ వాదన ఎంత బలపడిందో తెలుస్తుంది.

20 వేగాన్ని డిస్కులో పెట్టడంలో సాంకేతికమైన ఇబ్బంది ఒకటుంది. బ్లూరే ప్రమాణాల్లో సెకనుకు 20 ఫ్రేములు అన్నది లేదు. 24 ఫ్రేముల ప్రవాహంలో దాన్ని ఇమడ్చాలంటే ప్రతి ఐదు ఫ్రేములకు ఒకదాన్ని రెండుసార్లు చూపాలి. పెద్ద తెర మీద కెమెరా పక్కకు జరిగే షాట్లలో కొందరి కంటికి అది చిన్న తడబాటుగా తెలుస్తుంది. నటుల కదలిక సహజంగా ఉండటం కోసం ఆ లోపాన్ని భరించవచ్చు.

బొమ్మ నాణ్యతను చూసేవారు ముఖాలను, గోడలను చూడాలి. ఫిలిం రేణువులను (ఫిలిం మీద సహజంగా కనిపించే సన్నటి చుక్కలను) మరకలుగా భావించి డిజిటల్‌గా నునుపు చేస్తే ముందుగా పోయేది చర్మపు గరుకుదనమే. మేకప్ లేకుండా తీసిన చిత్రానికి మళ్లీ మేకప్ వేసినట్టవుతుంది. కాంట్రాస్టు పెంచితే గులాబీ గోడల లేత బూడిద రంగు తెల్లగా పేలిపోయి, ముఖం చుట్టూ డ్రయర్ మిగిల్చిన మెత్తని వెలుతురు పోతుంది. ఒక గీత మిగిలినా ఫరవాలేదు, రేణువు మిగలాలి. మొదటిసారి చూసేవారు 20 వేగపు ప్రతిని, శబ్దం ఆపేసి గానీ పియానోతో గానీ చూడటం మేలు. ‘వాయిసెస్ ఆఫ్ లైట్’తో 24 వేగపు ప్రతిని తరువాత వేరే రోజున చూడవచ్చు.

కొనేముందు రీజియన్ (ఏ ప్రాంతపు ప్లేయర్లలో డిస్కు ఆడుతుందన్న విభజన) సంగతి కూడా చూసుకోవాలి. బ్లూరే విభజనలో అమెరికా ఏ, బ్రిటన్ బి, భారతదేశం సి కిందికి వస్తాయి. అమెరికాలోని తెలుగువారికి క్రైటీరియన్ డిస్కు మామూలు ప్లేయరులోనే ఆడుతుంది. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్నవారు ఏ సంస్థ డిస్కు తెప్పించుకున్నా, అన్ని రీజియన్లనూ చదివే ప్లేయరు ఉందో లేదో ముందే సరిచూసుకోవాలి.