బరంపురం పంజరం దాకా చట్టం రావడానికి 46 ఏళ్లు

బరంపురంలో ఒకే ఇంట్లో రెండు పంజరాలున్నాయనుకోండి. ఒకదాంట్లో మన రామచిలుక, ఇంకోదాంట్లో ఆఫ్రికన్ గ్రే. 2023 మార్చి దాకా రామచిలుకకైతే ఫారెస్టు వాళ్లు కేసు రాయగలిగేవాళ్లు. ప్రపంచమంతా అమ్మకం మీద ఆంక్షలున్న గ్రే చిలుక జోలికి వెళ్లడానికి వన్యప్రాణి చట్టంలో సెక్షనే లేదు.

కారణం తేదీల్లోనే ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. అంతరించే జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే సైటిస్ ఒప్పందం కుదిరింది 1973 మార్చి 3న. 1976లో భారత్ అందులో చేరింది గానీ, చట్టాన్ని అందుకు తగ్గట్టు మార్చలేదు.

చట్టం రక్షించే జీవుల జాబితాలైన షెడ్యూళ్లలో అప్పట్లో ఉన్నవి మన జంతువులే. మహేంద్రగిరి అడవిలో పట్టిన అలుగు పొలుసులు పర్లాకిమిడిలో దొరికినా, ఇచ్ఛాపురంలో దొరికినా కేసు నిలుస్తుంది. విదేశీ చిలుక మకావ్, పెద్ద బల్లి ఇగ్వానా వాటిలో లేవు. రేవులోనో విమానాశ్రయంలోనో కస్టమ్స్ వాళ్లు ఆపితే ఆపినట్టు. గేటు దాటి ఊళ్లోకి వచ్చాక, దొంగదారిన వచ్చిందని రుజువు చేయడం గగనం. ‘ఇక్కడే గుడ్డు పెట్టి పొదిగింది’ అని అమ్మినవాడంటే కాదనడానికి ఏ రికార్డూ ఉండేది కాదు.

సభ్యదేశాల చట్టాలను పరీక్షించాలని సైటిస్ 1992లో క్యోటోలో తీర్మానించింది. చూసేవి నాలుగు: పర్మిట్లిచ్చే సంస్థనూ శాస్త్రీయ సలహా సంస్థనూ నియమించారా, ఒప్పందానికి విరుద్ధమైన వ్యాపారాన్ని నిషేధించారా, శిక్ష ఉందా, సరుకు జప్తు చేయొచ్చా. నాలుగూ ఉంటేనే మొదటి కేటగిరీ. భారత్ ఏళ్ల తరబడి రెండోదాంట్లో ఉండిపోయింది.

2020 జూన్‌లో కేంద్రం, విదేశీ జీవులున్నవాళ్లు ఆరు నెలల్లో తామే వెల్లడిస్తే కాగితాలు అడగబోమంది. లెక్క తేలడానికి అది అవసరమే కావచ్చు. కానీ దొంగరవాణాలో వచ్చిన పిట్టకూ అదే తలుపు తెరిచారు. ఆ నష్టం చిన్నది కాదు.

2022 సవరణ 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ఆరు షెడ్యూళ్లు నాలుగయ్యాయి, నాలుగోది సైటిస్ జాబితా. అంతరించే ముప్పు ఎక్కువున్న జీవుల జాబితా అయిన సైటిస్ మొదటి అనుబంధంలోని జీవి విషయంలో నేరానికి మూడు నుంచి ఏడేళ్ల జైలు, రూ.25 వేలకు తగ్గని జరిమానా. ఆ నవంబరులోనే సైటిస్ స్థాయీ సంఘం భారత్‌ను మొదటి కేటగిరీకి మార్చింది.

సైటిస్ జాబితాలోని జీవులను పెంచుకునేవాళ్లకు రిజిస్ట్రేషన్ నియమాలు 2024 ఫిబ్రవరిలో వచ్చాయి. అప్పటికే ఉన్న జీవులకు ఆరు నెలల గడువిచ్చారు. ఇప్పుడు కొత్తగా చేతికొస్తే 30 రోజుల్లో కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ 2.0 పోర్టల్‌లో రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు దరఖాస్తు చేయాలి. విశాఖలో కొని బరంపురంలో పెంచుకుంటుంటే ఒడిశా వార్డెన్‌కే. తర్వాత పిల్లలు పుట్టినా, చేయి మారినా, చనిపోయినా తెలియజేయాలి.

చిక్కులొచ్చేది ఎక్కువగా కాగితాల దగ్గరే. దుకాణం చీటీ పర్మిట్ కాదు. ఆఫ్రికన్ గ్రే 2017 జనవరి నుంచి మొదటి అనుబంధంలో ఉంది. అలాంటి జీవి బయటి దేశం నుంచి రావాలంటే ముందు మన దిగుమతి పర్మిట్, ఆపైన పంపే దేశపు ఎగుమతి పర్మిట్ ఉండాలి. ఎగుమతి పర్మిట్ ఒక్క సరుకుకే, ఆరు నెలలే చెల్లుతుంది. పాత పర్మిట్ జిరాక్సు చూపించి మరో పిట్టను అంటగడతారు. అందుకే డబ్బిచ్చే ముందే కాలి రింగు మీది నంబరు, అమ్మేవాడి రిజిస్ట్రేషన్‌లోని నంబరు ఒకటేనా అని చూసుకోవాలి. బడ్జీలు, కాకటీళ్లు అనే చిన్న చిలుకలు సైటిస్ జాబితాలో లేవు కాబట్టి వాటికి ఈ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. రామచిలుకను ఈ పోర్టల్‌లో నమోదు చేసుకునే వీల్లేదు. దాన్ని పంజరంలో పెట్టడం ఇప్పటికీ నేరమే.