రేచీకటి: మాట ఒక్కటే, జబ్బులు రెండు

మెహదీపట్నంలో ఉండే మా పెదనాన్నగారి అబ్బాయి పద్నాలుగేళ్లప్పుడు పొద్దుగుంకితే గోడ తడుముకుంటూ మెట్లు దిగేవాడు. రేచీకటి అన్నారు. పెద్దమ్మ రోజు మార్చి రోజు పొన్నగంటి కూర, మునగాకు, ఆదివారం మేక కార్జం వండిపెట్టేది. ఏడేళ్లు గడిచాయి. చూపు ఇంకా తగ్గింది.

ఆ కూరలతో రేచీకటి పోతుందన్న ఆమె నమ్మకాన్ని మూఢనమ్మకం అనను. దాని వెనక గట్టి చరిత్ర ఉంది, అందులో హైదరాబాద్‌కు పెద్ద వాటా ఉంది. 1918లో కూనూరులో మొదలైన పోషకాహార పరిశోధనశాల 1958లో ఇక్కడికి తరలివచ్చింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అదే. విటమిన్ ఏ లోపంతో పసిపిల్లలు కళ్లు పోగొట్టుకుంటున్న రోజులవి. ఆరు నెలలకోసారి రెండు లక్షల యూనిట్ల డోసు నోట్లో పోస్తే చాలని ఇక్కడి పరిశోధనలు దారి చూపాయి. 1970లో అది దేశవ్యాప్త కార్యక్రమమైంది. మసక వెలుతురులో చూసే రాడ్ కణాల్లో వెలుతురును పట్టే రొడాప్సిన్ అనే పదార్థం తయారీకి విటమిన్ ఏ కావాలి. అది అందగానే ఆ రేచీకటి పోతుంది.

మావాడిది ఆ రేచీకటి కాదు. జన్యులోపం వల్ల రాడ్ కణాలే చచ్చిపోయే రెటినైటిస్ పిగ్మెంటోసా. డాక్టర్లు ఆర్‌పీ అంటారు. 1851లో హెల్మ్‌హోల్ట్జ్ కంటి లోపలికి చూసే పరికరం తెచ్చాక, డచ్ వైద్యుడు డోండర్స్ ఆ దశాబ్దంలోనే ఈ పేరు పెట్టాడు. కంటి వెనక తెర అయిన రెటీనా మీద నల్లమచ్చలు చూసి వాపు (రెటినైటిస్) అనుకున్నాడు. అసలు జబ్బు వాపు కాదు, పేరు మాత్రం నిలిచిపోయింది. ముందు రాత్రి చూపు పోతుంది, తర్వాత పక్కచూపు, చివరికి సొరంగంలోంచి చూసినట్టే. ప్రపంచంలో దాదాపు నాలుగు వేల మందిలో ఒకరికి వస్తుంది. మేనరికాలున్న ఇళ్లలో ఒకే లోపం తల్లి నుంచీ తండ్రి నుంచీ చేరే అవకాశం ఎక్కువ. మా పెదనాన్న, పెద్దమ్మలదీ మేనరికమే.

రెండు జబ్బులూ ఒకటే అన్న భ్రమకు అమెరికాలో జరిగిన ఒక పరీక్ష బలం చేకూర్చింది. 1993లో కంటి వైద్యుడు బెర్సన్ బృందం 601 మంది ఆర్‌పీ రోగుల ఫలితాలు ప్రకటించింది. రోజూ 15,000 యూనిట్ల విటమిన్ ఏ తీసుకున్నవాళ్లలో క్షీణత కాస్త నెమ్మదించిందన్నారు. 400 యూనిట్ల విటమిన్ ఈ తీసుకున్నవాళ్లలో అది వేగం పుంజుకున్నట్టు కనిపించింది. అయితే ఆ కాస్త తేడా కూడా, కంటిముందు మెరుపు వెలిగించి రెటీనాలో పుట్టే విద్యుత్తును కొలిచే ఈఆర్‌జీ పరీక్షలోనే. చూపు విస్తీర్ణంలో స్పష్టమైన తేడా రాలేదు. అయినా ముప్పయ్యేళ్లు ఆ మాత్రలు నడిచాయి. 2023లో జన్యు వివరాలు జోడించి పాత లెక్కలు మళ్లీ చూస్తే ప్రయోజనం కనబడలేదు. ఎక్కువ మోతాదు కాలేయానికి, గర్భస్థ శిశువుకు చేటు. ఏబీసీఏ4 జన్యువులో లోపమున్నవాళ్లకైతే విటమిన్ ఏ మాత్రలు వాడవద్దనే చెబుతారు. మావాడికి చీటీ లేకుండా ఆ మాత్రలు అమ్మిన మందుల షాపు మీద నాకింకా కోపం పోలేదు.

జన్యువుల వైపు దారి 1990లో తెరుచుకుంది, రొడాప్సిన్ జన్యువులో లోపం దొరికినప్పుడు. ఇప్పుడు ఆర్‌పీకి కారణమయ్యే జన్యువులు పదుల సంఖ్యలో తెలుసు. వాటిలో ఆర్‌పీఈ65 ఒక్కదానికే ఆమోదం పొందిన జన్యుచికిత్స ఉంది. ఆ చికిత్సతో పుట్టుగుడ్డి బ్రియార్డ్ జాతి కుక్కలకు చూపు వచ్చిందని 2001లో ప్రకటించారు. 2017 డిసెంబరులో లక్స్‌టర్నా అనే పేరుతో ఆ చికిత్సకు అమెరికా అనుమతి వచ్చింది. మార్కెట్లోకి వచ్చినప్పుడు రెండు కళ్లకూ ధర 8,50,000 డాలర్లు.

అందుకే జన్యుపరీక్ష ముందు. ఏ జన్యువో తెలియకుండా ఇలాంటి జన్యుచికిత్స కుదరదు. ఈలోగా చేయగలిగినవి చిన్నవేం కావు: రెటీనా మధ్యభాగమైన మాక్యులాలో నీరు చేరితే చుక్కలమందు, శుక్లం వస్తే ఆపరేషన్, మిగిలిన చూపును వాడుకునే శిక్షణ. బంజారాహిల్స్‌లో 1987లో మొదలైన ఎల్వీ ప్రసాద్ నేత్ర సంస్థలో పునరావాస విభాగం ప్రత్యేకంగా ఉంది.

మావాడి జన్యుపరీక్ష రిపోర్టులో వచ్చింది ఆర్‌పీఈ65 కాదు. ఇప్పుడు తెల్లకర్ర పట్టుకుని మెట్రో ఎక్కుతాడు. పెద్దమ్మ పొన్నగంటి కూర మానలేదు. కానీ మొన్న వాడి చెల్లెలికి మేనబావ సంబంధం మాట వచ్చినప్పుడు జాతకాలకంటే ముందు ఆమే అడిగింది, "ఆ పిల్లాడికి కూడా ఆ రక్తపరీక్ష చేయిద్దామా?" అని.