బిట్ ప్రశ్నలో ఇమడని అచ్చమాంబ: కొన్ని అపోహలు, వాస్తవాలు

డిగ్రీ పిల్లలకు ఆధునిక తెలుగు సాహిత్యం చెబుతాను. తొలితరం స్త్రీల రచనలంటే ప్రత్యేకమైన ఇష్టం కాబట్టి, మా ఇంట్లో అటకల మీద అటుకుల డబ్బాల కన్నా పాత పత్రికల జిరాక్సులే ఎక్కువ. ఏటా తొలితరం రచయిత్రి బండారు అచ్చమాంబ పాఠం దగ్గరికి వచ్చేసరికి అవే మాటలు మళ్లీ వినిపిస్తాయి. పిల్లల నోటే కాదు, స్టాఫ్ రూమ్‌లో కూడా. వాటిలో ఒకటి రెండు నేనూ చాలాకాలం నమ్మినవే.

అపోహ: అచ్చమాంబ డాక్టరు, విజయవాడ ఎంపీ.

అసైన్‌మెంట్లు దిద్దుతుంటే ప్రతి బ్యాచ్‌లోనూ కనీసం ఇద్దరు ఇలా రాస్తారు. వాళ్లను పూర్తిగా తప్పుపట్టలేం, ఆ కుటుంబంలో ఒకే పేరుతో ఇద్దరున్నారు మరి. డాక్టరు, 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు గెలిచిన ఆవిడ కొమర్రాజు అచ్చమాంబ. పుట్టింది 1906లో. మనం మాట్లాడుతున్న బండారు అచ్చమాంబ 1874లో పుట్టి 1905 జనవరిలోనే చనిపోయింది. ఈమె ఆమెకు మేనత్త. గూగుల్‌లో ఒకరి కోసం వెతికితే ఇంకొకరు వస్తారు, పుట్టిన సంవత్సరం చూసుకుంటే గొడవ లేదు.

అపోహ: తమ్ముడు గొప్పవాడు కాబట్టి అక్క రచయిత్రి అయింది.

తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు. విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి, ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం అనగానే గుర్తొచ్చే మనిషి. అందుకే అచ్చమాంబ గురించి ఏ వ్యాసం మొదలుపెట్టినా మొదటి వాక్యం ‘కొమర్రాజు వారి సోదరి’ అనే ఉంటుంది. నాకు ఈ వాక్యం మీద కొంచెం కోపం.

జరిగింది ఒకసారి వరసగా చూడండి. పుట్టింది పెనుగంచిప్రోలులో. తండ్రి చిన్నప్పుడే పోయాడు. పదేళ్లకు మేనమామ బండారు మాధవరావుకిచ్చి పెళ్లి చేశారు. ఆయన మధ్యపరగణాల్లో ఇంజనీరు. ఆయనతో నాగపూర్ కాపురానికి వెళ్లిన అచ్చమాంబ తల్లినీ తమ్ముడినీ తన దగ్గరికే తెచ్చుకుంది. లక్ష్మణరావు చదువు సాగింది అక్క ఇంట్లో, అక్క అన్నం తింటూ. అతను చదువుకుంటుంటే పక్కన కూర్చుని ఆమె అక్షరాలు నేర్చుకుంది. తెలుగు, హిందీ అలా వచ్చాయి. తర్వాత మరాఠీ, బెంగాలీ, ఇంగ్లీషు, కొంత సంస్కృతం కూడా పట్టింది. తమ్ముడి సాయం లేదని ఎవరూ అనరు. కానీ ఎవరి నీడన ఎవరు పెరిగారో చెప్పేటప్పుడు రెండు వైపులా చెప్పాలి కదా. ‘అచ్చమాంబ గారి తమ్ముడు లక్ష్మణరావు’ అని మొదలుపెట్టిన వ్యాసం నాకింతవరకు కనపడలేదు.

అపోహ: తొలి తెలుగు కథ గురజాడ ‘దిద్దుబాటు’. అచ్చమాంబది లెక్కలోకి రాదు.

ఇది నా సొంత తప్పు కూడా. ఉద్యోగంలో చేరిన కొత్తలో గ్రూప్స్‌కు ప్రిపేరయ్యే పిల్లలకు ‘తొలి తెలుగు కథ: దిద్దుబాటు, 1910’ అని బట్టీ పట్టించాను. వెనక బెంచీ అమ్మాయి ఒకతె లేచి, ‘మరి 1902లో వచ్చిన అచ్చమాంబ ధన త్రయోదశి ఏమవుతుంది సార్?’ అంది. నీళ్లు నమిలాను. ఇంటికెళ్లి ఆ రాత్రే కథ చదివాను.

దీపావళి ముందు రోజులు. చేతిలో పైసా లేని సంసారం. భర్త చిన్న కొలువు చేస్తున్నాడు. పండగ ఇబ్బంది చూడలేక యజమాని సొమ్ము మీద చెయ్యి వేస్తాడు. భార్య విజయలక్ష్మి ఆ డబ్బు ముట్టుకోదు. అరిచి గోల చెయ్యదు, ఏడవదు. అది తిరిగి ఇచ్చేవరకు మాత్రం ఊరుకోదు. అంతే కథ. ఇప్పుడు దీని పక్కన ‘దిద్దుబాటు’ పెట్టి చూడండి. అక్కడా దారి తప్పినవాడు భర్త గోపాలరావే, దిద్దేది భార్య కమలినే. కమలిని ఉత్తరం రాసి పెట్టి మంచం కింద దాక్కుంటుంది, విజయలక్ష్మి ఎదురుగా నిలబడి చెబుతుంది. కథ నడిపే నేర్పు గురజాడదే, అందులో నాకు అనుమానం లేదు. వాడుక భాష జీవం కూడా ఆయనదే. అచ్చమాంబ వాక్యం గ్రాంథికం, కొంచెం నీతికథ వాసన వేస్తుంది. కానీ ఎనిమిదేళ్ల ముందు, ‘హిందూ సుందరి’ అనే ఆడవాళ్ల పత్రికలో, ఒక ఆడమనిషి ఈ పని చేసి పెట్టింది. శిల్పం గురించి వాదించండి, తేదీ గురించి వాదన అక్కర్లేదు.

అసలు ఈ ‘తొలి’ పందెం మీదే నాకు మోజు తగ్గింది. ఎవరో 1902 కన్నా వెనకటి కథ పట్టుకొస్తారు, ఇంకెవరో కాదంటారు. ఈ తగువులో ఆమె పేరు తెలిసినవాళ్లు పెరిగారు గానీ ఆమె రాసింది చదివినవాళ్లు పెరగలేదు. కథలు పుస్తకంగా రావడానికే నూరేళ్లు పైన పట్టింది.

అపోహ: అచ్చమాంబ రాసిన ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ పతివ్రతల కథల పుస్తకం.

పేరు చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు. ‘అబల’, ‘సచ్చరిత్ర’, ‘రత్నమాల’. మా అమ్మమ్మ కాలం పెళ్లి కానుక పుస్తకంలా ఉంటుంది. పిల్లలు అట్ట చూసి పక్కన పెట్టేస్తారు.

లోపల ముందుమాట తెరిపించి గట్టిగా చదివిస్తాను. ఎందుకు రాస్తున్నదో ఆమె మూడు కారణాలు చెబుతుంది. ఆడవాళ్లు బలహీనులు, తెలివిలేనివాళ్లు అనే నింద అబద్ధమని చూపించడం ఒకటి. చదువు చెప్పిస్తే, స్వేచ్ఛ ఇస్తే ఆడవాళ్లు చెడిపోతారనే భయం ఉత్తిదని రుజువు చేయడం రెండు. చదువు వల్ల ఏం మేలు జరుగుతుందో తోటి ఆడవాళ్లకు ఇంపుగా తెలియజెప్పడం మూడు. మొదటి రెండూ ఏమిటి? ఇప్పుడు నేను రాస్తున్న అపోహలు, వాస్తవాలే! ఆమె ఒక్కో అపోహకు సమాధానంగా ఒక్కో జీవితాన్ని తెచ్చి ముందు పెట్టింది. మొదటి భాగంలో అలాంటివి 34 జీవితచరిత్రలు. వీరేశలింగం నడిపిన ‘చింతామణి’ పత్రిక ద్వారా 1901లో వెలుగు చూశాయి.

మగవాళ్లకు తెలివి పుట్టుకతో వచ్చిందని, ఆడవాళ్లకు రాలేదని ఆమె ఒప్పుకోదు. కొడుక్కి చిన్నప్పటి నుంచి చదువు చెప్పించి, కూతురికి చెప్పించకుండా, తర్వాత కూతురికి బుద్ధి లేదనడం ఏం న్యాయం అన్నది ఆమె వాదం. బడి ముఖం చూడని ముప్పై లోపు మనిషి వాదం ఇది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. పాతివ్రత్యాన్ని ఆమె మెచ్చుకున్న చోట్లు ఉన్నాయి, ఆమె ప్రపంచం పై కులాల ఇళ్ల చుట్టూ తిరిగేదే. ఇవాళ్టి స్త్రీవాది అన్న ముద్ర యథాతథంగా వేస్తే అతకదు. ఇవి దాచిపెట్టి పాఠం చెబితే పిల్లలే పట్టుకుంటారు.

అపోహ: ఇంట్లో కూర్చుని రాసుకుంది, ఉద్యమం ఏముంది?

1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం పెట్టింది. ఆంధ్ర ప్రాంతంలో తొలి స్త్రీ సమాజాల్లో ఒకటి. తర్వాత ఊళ్లు తిరిగి సమాజాలు పెట్టించింది. పరాయి మగవాడి ముందుకు రావడమే తప్పనుకునే రోజుల్లో ఆడవాళ్లను ఒక గదిలో కూర్చోబెట్టి మాట్లాడించడం చిన్న పనేమీ కాదు. కడుపున పుట్టిన పిల్లలు దక్కలేదు, అనాథ పిల్లల్ని ఇంట్లో ఉంచుకుని చదివించింది.

బిలాస్‌పూర్‌లో ప్లేగు వచ్చినప్పుడు రోగులకు సేవ చేస్తూ తానూ ఆ జబ్బుకే బలైందని చెబుతారు. వయసు ముప్పై. ‘రత్నమాల’ మొత్తం మూడు భాగాలు అనుకుంది. చరిత్రలోని భారత స్త్రీలు, వేద పురాణ కాలపు స్త్రీలు, ఆ తర్వాత విదేశీ స్త్రీలు. మొదటిది పూర్తయింది. రెండోది చేతిలో ఉండగానే ఆమె పోయింది.