అట్టపెట్టె మీది 8 జీబీ లోపల లేదు: చవక ట్యాబ్‌లపై అపోహలు, వాస్తవాలు

జూన్ నెల మొదలైతే చాలు, అనంతపురంలోని మా రిపేరు అంగడికి ఒకే రకం బేరం వస్తుంది. ఏడంగుళాల ట్యాబ్, దాంతోపాటు జాగ్రత్తగా దాచిన అట్టపెట్టె, వాటిని పట్టుకుని ఓ తండ్రి. "కొని నెల కూడా కాలేదు. పాప క్లాసు పెడితే గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ వేసివ్వండి సార్." మూడున్నర వేలు పెట్టి ఆన్‌లైన్‌లో తెప్పించిన వస్తువు. నేను నోరు తెరిచేలోపే పెట్టె తిప్పి చూపిస్తారు. 8 జీబీ ర్యామ్ (యాప్‌లు నడవడానికి కావలసిన చోటు), 128 జీబీ స్టోరేజి (ఫైళ్లు దాచుకునే చోటు). "ఇంత ఉండి కూడా ఎందుకు ఆగిపోతోంది?"

అంత లేదు కాబట్టి ఆగిపోతోంది. ఈ ఒక్క ముక్క ఒప్పించడానికి మనిషికి అరగంట పడుతోంది. అందుకే రాసి పెడుతున్నాను.

చవకదైతే మోసమే అని నేను అనను. 2011 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం విడుదల చేసిన ఆకాశ్ ట్యాబ్ చాలామందికి గుర్తుండే ఉంటుంది. 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, గోటితో గట్టిగా ఒత్తితే గానీ పలకని రెసిస్టివ్ తెర. నత్తలా నడిచేది. కానీ 256 అంటే 256 అని కాగితం మీద ఉండేది. కొనేవాడికి తాను కొంటున్నది ఏమిటో తెలిసేది. ఇప్పుడు నా బల్ల మీదికి వచ్చేవాటిలో ఆ నిజాయితీ కూడా లేదు.

అపోహ: "పెట్టె మీద అబద్ధం రాయవచ్చు గానీ, సెట్టింగ్స్‌లో కూడా 8 జీబీ అనే చూపిస్తోంది కదా!"

జనం డబ్బు పోయేది ఇక్కడే. సెట్టింగ్స్‌లో కనిపించే అంకె లోపలి చిప్‌ను కొలిచి చెప్పినదని అందరూ అనుకుంటారు. తయారీదారు తలుచుకుంటే అక్కడ ఏ అంకెనైనా కనిపించేలా సాఫ్ట్‌వేర్‌ను మార్చేయగలడు. మన జిల్లా రైతుకు ఇది చెప్పనక్కరలేదు. కాటా సరిచూడకుండా కాయ తూయనిచ్చే రైతు ఎవరు? ఇక్కడ కాటా అమ్మేవాడిది, రాళ్లు అమ్మేవాడివి, బరువు చదివి చెప్పేదీ అతనే.

నేను విప్పి చూసిన ఇలాంటి ట్యాబ్‌లలో ఎక్కువ వాటిలో ఉన్నది 1 జీబీ లేదా 2 జీబీ ర్యామ్, 16 జీబీ స్టోరేజి. అందులో సగానికి పైగా ఆండ్రాయిడ్‌కే సరిపోతుంది. మిగిలిన చోట పాప క్లాసు, దానిలో వీడియో, పక్కన వాట్సాప్. ఎన్నిసార్లు సాఫ్ట్‌వేర్ వేసినా చిప్ పెరగదు. తీసుకోకూడని డబ్బు నేను తీసుకోను, కానీ తీసుకునే అంగళ్లు ఉన్నాయి.

మరి ఎలా తెలుసుకోవాలి? సీపీయూ-జడ్ అనే ఉచిత యాప్ వేసుకోండి. అందులో ఆండ్రాయిడ్ వెర్షన్ కాకుండా ఏపీఐ సంఖ్య, అంటే ప్రతి వెర్షన్‌కూ లోపల ఉండే నంబరు చూడండి. ఆండ్రాయిడ్ 14 అయితే 34 ఉండాలి, ఆండ్రాయిడ్ 10 అయితే 29. సెట్టింగ్స్‌లో "14" అని చూపిస్తూ ఇక్కడ 29 కనిపిస్తే అర్థమైపోయినట్టే. ఇంకో గుర్తు కూడా ఉంది. ఆండ్రాయిడ్ 13 నుంచి తేలికపాటి గో ఎడిషన్‌కైనా కనీసం 2 జీబీ ర్యామ్ ఉండాలని గూగుల్ నియమం. 1 జీబీ ర్యామ్ ట్యాబ్‌లో 14 అని రాసి ఉంటే ఆ రెండింటిలో ఒకటి అబద్ధం.

కొన్నింటిలో ఈ యాప్‌లను కూడా బోల్తా కొట్టిస్తారు. అందుకే నేను మొరటు పద్ధతే చెబుతాను. ఒక జీబీ ఉన్న సినిమా ఫైలు ఏదైనా తీసుకుని, ట్యాబ్‌లోకి కాపీ చేయండి, మళ్లీ చేయండి, చేస్తూనే ఉండండి. 128 జీబీ అన్నది నిజమైతే వంద దాకా పడుతుంది. అబద్ధమైతే పది దాటక ముందే "చోటు లేదు" అంటుంది. విసుగు పనే, ఒక పూట పడుతుంది. కానీ వెనక్కి పంపే గడువు లోపలే చేయండి. నా దగ్గరికి వచ్చేవారిలో చాలామందికి ఆ గడువు దాటిపోయి ఉంటుంది. పిల్ల నెమ్మదిగా నేర్చుకుంటోందని అనుకున్నారే గానీ ట్యాబ్‌ను అనుమానించలేదు. ఉరవకొండ వైపు నుంచి వచ్చిన ఒకాయన అయితే, క్లాసు వినకుండా ఆటలాడుతోందని కూతురిని కొట్టాడట. ఆ పాప పక్కనే నిలబడి ఉంది. యాప్ తెరిచి ఎంతసేపు తిరుగుతుందో గడియారం పెట్టి చూపించాను. ఆయన ఏమీ మాట్లాడలేదు.

పెట్టెలో ఉచితంగా వచ్చే మెమరీ కార్డు ఇంకా ప్రమాదం. నకిలీ కార్డు నిండిందని చెప్పదు. తన అసలు చోటు అయిపోయాక కూడా కాపీ అయినట్టే చూపిస్తుంది. కొన్ని కార్డుల్లో కొత్త ఫైళ్లు పాతవాటి మీదే పడతాయి. తాడిపత్రి నుంచి ఓ రిటైర్డ్ ఉపాధ్యాయుడు అలాంటి కార్డు తెచ్చారు. శ్రీశైలం, తిరుపతి యాత్రల ఫోటోలు అందులో వేసి, ఫోనులో చోటు కోసం అక్కడ తీసేశారు. కార్డులో పేర్లన్నీ ఉన్నాయి, తారీఖులు ఉన్నాయి. తెరిస్తే బూడిద రంగు తప్ప ఏమీ లేదు. 128 అని రాసిన కార్డులో నిజంగా ఉన్నది 8 జీబీ. "బెంగళూరు పంపితే వస్తాయా నాయనా?" అని అడిగారు. చెరిగిపోయినవైతే వెతకవచ్చు సార్, ఇవి కార్డు మీద పడనే లేదు అని చెప్పాల్సి వచ్చింది. ఆ ఫోటోల్లోని ఆవిడ ఇప్పుడు లేరని ఆయన వెళ్లేటప్పుడు చెప్పారు.

ర్యామ్ దగ్గర "4+4 జీబీ" అని రాసేది పూర్తి అబద్ధం కాదు గానీ, తెలివైన సగం నిజం. రెండో నాలుగు స్టోరేజి నుంచి అరువు తెచ్చుకున్నది. చవక ట్యాబ్‌లో స్టోరేజే నెమ్మదిగా ఉంటుంది కాబట్టి ఆ అరువు పెద్దగా పనికిరాదు.

అపోహ: "పిల్లల ఆటకే కదా, వైరస్ ఉంటే ఉండనీ."

పిల్లల ఆటకే అంటారు, దాంట్లో తండ్రి గూగుల్ ఖాతాతోనే లాగిన్ అవుతారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే దొంగ ప్రోగ్రాం కూర్చున్న ఆండ్రాయిడ్ పరికరాలు ఉన్నాయి. బ్యాడ్‌బాక్స్ అనే అలాంటి దానిని 2024 డిసెంబరులో జర్మనీ సైబర్ భద్రతా సంస్థ తమ దేశంలో సుమారు 30,000 పరికరాల్లో అడ్డుకుంది. 2025 జూన్‌లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ కూడా హెచ్చరించింది. రీసెట్ కొట్టినా ఇది పోదు, సిస్టంలోనే ఉంటుంది. అలాగని చవక ట్యాబ్ ఉన్నవారంతా హడలిపోవద్దు. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో అబౌట్ దగ్గరికి వెళ్లి, పరికరం సర్టిఫైడ్ అని ఉందో లేదో చూడండి. లేదంటే దానిలో బ్యాంకు యాప్ పెట్టకండి, మీ అసలు మెయిల్ ఖాతా పెట్టకండి. వాట్సాప్‌లో తిరిగే "మీ ట్యాబ్ మిమ్మల్ని కెమెరాలో చూస్తోంది" అనే సందేశాలను మాత్రం దయచేసి నాకు పంపవద్దు.

అపోహ: "ఛార్జింగ్ ఎక్కడం లేదు, బోర్డు పోయింది."

కళ్యాణదుర్గం నుంచి రెండు బస్సులు మారి వచ్చిన పెద్దమ్మ ఒకావిడ ఇదే మాటతో వచ్చింది. ట్యాబ్‌లో ఏ లోపమూ లేదు. కొడుకు ఫోను కొత్తది, దాని వైరుకు రెండు వైపులా సీ పిన్నే. చవక ట్యాబ్‌లలో డబ్బు మిగుల్చుకోవడానికి సీ పిన్ దగ్గర ఉండాల్సిన రెండు చిన్న రెసిస్టర్లు వేయరు. అవి లేకపోతే అలాంటి వైరుతో ఛార్జర్ కరెంటే వదలదు. ఒకవైపు పాత వెడల్పు పిన్ ఉన్న వైరు పెట్టాను, ఎక్కింది. బస్సు ఛార్జీలు తలుచుకుని ఆవిడ, ఆవిడను చూసి నేను నవ్వుకున్నాం.

మిగతావి త్వరగా. ఫోను ఫాస్ట్ ఛార్జర్ పెడితే ట్యాబ్ కాలిపోదు. ట్యాబ్ అడగనిదే మంచి ఛార్జర్ 5 వోల్టులు దాటదు. బ్యాటరీని కాల్చేది మన ఎండ. మే నెలలో రేకుల ఇంట్లో ఛార్జింగ్‌కు పెట్టి మరిచిపోతే బ్యాటరీ పూరీలా ఉబ్బి తెరను పైకి లేపుతుంది. ఉబ్బినదాన్ని నొక్కవద్దు, గుచ్చవద్దు. టచ్ గ్లాసు పగిలితే "ఏ కంపెనీదైనా వేస్తారులే" అనుకోకండి. గ్లాసు స్ట్రిప్ మీద ఉండే నంబరు కలవాలి. పేరులేని ట్యాబ్‌లకు అది తరచూ దొరకదు.

కొనే ముందు పెట్టె మీద భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) నమోదు సంఖ్య, అంటే ఆర్ అక్షరం తర్వాత ఎనిమిది అంకెలు ఉన్నాయేమో చూడండి. ట్యాబ్‌లకు అది తప్పనిసరి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్య కొడితే ఏ కంపెనీ పేరు వస్తుందో పోల్చుకోండి. జీఎస్‌టీ బిల్లు అడగండి. వెనక్కి తీసుకోకుండా సతాయిస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

పిల్లల చదువుకైతే నా మాట ఒక్కటే. ఆ మూడున్నర వేలు పెట్టకండి. మూలన పడిన మీ పాత ఫోను తెర చిన్నదైనా దీనికంటే వేగంగా నడుస్తుంది, లేదంటే ఇంకొంత కూడబెట్టి పేరున్న కంపెనీది వాడినదైనా కొనండి. అసలు ఎవరికీ పనికిరావా అంటే, కమలానగర్‌లో ఒక టైలరమ్మ జాకెట్టు డిజైన్ల ఫోటోలు చూపించడానికి ఇలాంటిదే రెండేళ్లుగా వాడుతోంది. దానికి ఏనాడూ వైఫై కలపలేదు, ఏ ఖాతా పెట్టలేదు. ఛార్జింగ్ పిన్ వదులైందని ఒక్కసారి తెచ్చింది, నూటయాభై తీసుకున్నాను.