హెచ్‌ఐవీ టీకా, యాంటీబాడీలు: అపోహలు - వాస్తవాలు

నా పనిదినంలో సగం 96 గుంటలున్న ఒక ప్లాస్టిక్ ప్లేటు ముందే గడిచిపోతుంది. గుంట అడుగున హెచ్‌ఐవీ పైతొడుగు ప్రోటీన్ ముక్క అతికించి ఉంటుంది. ప్రయోగాత్మక టీకా తీసుకున్న వాలంటీర్ల సీరం (రక్తంలో కణాలు తీసేశాక మిగిలే ద్రవం) అందులో పోస్తాం. యాంటీబాడీ ఉంటే ఆ ముక్కను పట్టుకుంటుంది. చివర్లో రంగు మందు వేస్తే నీలం తేలి, యాసిడ్ పడగానే పసుపుపచ్చగా మారుతుంది. దీన్నే ఎలైజా అంటాం. కొత్తలో ఆ పచ్చదనం చూసి నేనూ సంబరపడేదాన్ని. మా పిన్ని ఇప్పటికీ అంతే, టీవీలో ఏదైనా వస్తే చాలు, "ఏమ్మా, మీ మందు వచ్చేసిందటగా?" అని ఫోన్ చేస్తుంది.

అపోహ: యాంటీబాడీలు వచ్చాయంటే రక్షణ వచ్చినట్టే.

కోవిడ్ రోజుల్లో పడిన అలవాటిది. హెచ్‌ఐవీ విషయంలో ఈ లెక్క తప్పని 2003లోనే తేలింది. జీపీ120 అనే పైతొడుగు ప్రోటీన్‌తో చేసిన ఎయిడ్స్‌వ్యాక్స్ టీకాను అమెరికాలోనూ థాయిలాండ్‌లోనూ వేలమందికి వేశారు. యాంటీబాడీలు బాగానే వచ్చాయి. ఇన్ఫెక్షన్లు మాత్రం ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లతో దాదాపు సమానంగా నమోదయ్యాయి.

ఎందుకలా? జీపీ120 బరువులో దాదాపు సగం చక్కెర గొలుసులే. అవి మన శరీరం తయారుచేసినవే కాబట్టి రోగనిరోధక వ్యవస్థ వాటిని పరాయివిగా చూడదు. యాంటీబాడీకి పట్టు దొరికే చోట్లు ఆ గొలుసుల కింద దాక్కుంటాయి. పైకి కనిపించే భాగాలేమో ఊసరవెల్లిలా మారిపోతుంటాయి. ల్యాబ్‌లో పెంచిన విడి ప్రోటీన్‌ను పట్టుకోవడం తేలిక, అసలు వైరస్ మీద మూడేసి ముక్కలుగా ముడుచుకుని ఉన్న దాన్ని పట్టుకోవడం కష్టం.

అందుకే ఎలైజా తర్వాత ఇంకో పరీక్ష పెడతాం. హెచ్‌ఐవీ పైతొడుగు తగిలించిన నకిలీ వైరస్‌ను సీరంతో కలిపి కణాల మీద వదులుతాం. వైరస్ లోపలికి దూరితే ఆ కణాలు వెలుగునిచ్చేలా తయారుచేసినవి. రెండు రోజులాగి వెలుగును కొలుస్తాం. వెలుగు తగ్గితే యాంటీబాడీ అడ్డుకున్నట్టు. సులువుగా లొంగే రకాల దగ్గర సీరం బాగానే పనిచేస్తుంది. మనుషుల్లో నిజంగా తిరిగే రకాలు పెట్టామా, ఎలైజాలో పచ్చగా మెరిసిన అదే సీరం చేతులెత్తేస్తుంది. నా నోట్‌బుక్కుల్లో ఇలాంటి పేజీలే ఎక్కువ.

అపోహ: వైరస్‌ను అడ్డుకోలేని యాంటీబాడీ దండగే.

నేనూ అలాగే అనుకునేదాన్ని. థాయిలాండ్‌లో 16 వేలమందికి పైగా పాల్గొన్న ఆర్‌వీ144 ట్రయల్ ఫలితాలు 2009లో వచ్చాయి. టీకా వైపు 51 ఇన్ఫెక్షన్లు, ఉత్తుత్తి ఇంజెక్షన్ వైపు 74. అంటే రక్షణ 31 శాతం. ఆ సీరంలో అసలు వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీలు పెద్దగా లేవు. మరి ఏం కాపాడింది? 2012లో వచ్చిన విశ్లేషణలో, పైతొడుగులోని వీ1వీ2 అనే భాగాన్ని పట్టుకునే ఐజీజీ రకం యాంటీబాడీలు ఎక్కువున్నవాళ్లకు ముప్పు తక్కువగా కనిపించింది. పైతొడుగును పట్టుకునే ఐజీఏ అనే మరో రకం యాంటీబాడీలు ఎక్కువున్న టీకా గ్రహీతల్లో ముప్పు ఎక్కువగా కనిపించింది. రెండూ యాంటీబాడీలే, ఫలితం మాత్రం చెరో వైపు.

దీన్ని కూడా తలకెక్కించుకోకూడదు. అదే పద్ధతిని దక్షిణాఫ్రికాలోని సి రకం వైరస్‌కు తగ్గట్టు మార్చి 5,400 మందిపై పరీక్షిస్తే రక్షణ ఏమీ కనిపించక 2020 ఫిబ్రవరిలో టీకాలు వేయడం ఆపేశారు. ఆ రోజు మా ల్యాబ్‌లో ఎవరికీ భోజనం సయించలేదు.

అపోహ: మన దేశంలో ఈ ట్రయల్స్ జరగలేదు.

జరిగాయి. 2005లో పుణెలో మొదలై, తర్వాత చెన్నైలోనూ. అన్నీ చిన్న, తొలి దశ ట్రయల్సే. మన దగ్గర ఎక్కువగా తిరిగేదీ సి రకమే.

అపోహ: ఎంఆర్‌ఎన్‌ఏ టీకా పద్ధతి వచ్చింది కాబట్టి పని అయిపోయినట్టే.

ఎంఆర్‌ఎన్‌ఏ మోసుకెళ్లే బండి మాత్రమే, అందులో ఏ సరుకు పెట్టాలన్నదే మా తలనొప్పి. అనేక రకాల వైరస్‌లను అడ్డుకునే యాంటీబాడీలు కొందరు హెచ్‌ఐవీ బాధితుల్లో ఏళ్ల తరబడి మార్పులు పొందాక తయారవుతాయి. ఆ దారిలో మొదటి అడుగు వేయించడానికి చేసిన ఒక టీకాను (ఎంఆర్‌ఎన్‌ఏ కాదు, ప్రోటీన్ టీకా) 36 మందికి ఇస్తే, 35 మందిలో కావలసిన బి కణాలు (యాంటీబాడీలను తయారుచేసే కణాలు) మేల్కొన్నాయని 2022లో ప్రచురించారు. నాకు బాగా నచ్చిన ఫలితమిది. కానీ ఆ కణాలు ఇంకా ఒకటో తరగతిలోనే ఉన్నాయి. పై తరగతులకు నడిపించే బూస్టర్లు ఏ వరసలో ఇవ్వాలన్నదాని మీదే ఇప్పుడు పని నడుస్తోంది.

అపోహ: ట్రయల్‌లో చేరినవాళ్లకు టెస్టు పాజిటివ్ వచ్చిందంటే టీకా వల్లే హెచ్‌ఐవీ అంటుకుంది.

మాకు గొట్టాల మీద నంబర్లే కనిపిస్తాయి, పేర్లుండవు. ఇది క్లినిక్‌లో కౌన్సెలింగ్ చేసే స్నేహితురాలు చెప్పిన సంగతి. ఒక వాలంటీర్ ట్రయల్ ముగిసిన చాలా కాలానికి బీమా పాలసీ కోసం రక్తమిచ్చాడు. రిపోర్టు పాజిటివ్. ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేక రెండు రాత్రులు కునుకు లేదట. మూడో రోజు క్లినిక్‌కు ఫోన్ చేశాడు.

మామూలు హెచ్‌ఐవీ టెస్టులు ప్రధానంగా యాంటీబాడీలను వెతుకుతాయి. వాటిని పుట్టించడమే టీకా పని కాబట్టి టెస్టు కిట్ మోసపోతుంది. అమెరికా కేంద్రంగా సాగిన తొలి దశ ట్రయల్స్‌లో టీకా తీసుకున్న 2,176 మందిని పరీక్షిస్తే, హెచ్‌ఐవీ లేకపోయినా 908 మందికి ఇలా పాజిటివ్ వచ్చింది. టీకాలో ఏ ముక్కలున్నాయన్న దాన్ని బట్టి ఈ శాతం బాగా మారుతుంది. కొందరిలో ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. ఇక టీకాలో ఉండేది వైరస్ ముక్కలో, వాటి జన్యు సూచనలో. వాటినుంచి హెచ్‌ఐవీ పుట్టే అవకాశమే లేదు.

అలాగని పాజిటివ్ రాగానే "టీకా వల్లే లే" అని కొట్టిపారేయడమూ ప్రమాదమే. టీకా వేయించుకున్నా బయటినుంచి వైరస్ సోకవచ్చు. తేల్చేది ఆర్‌ఎన్‌ఏ టెస్టు. అది యాంటీబాడీలను వదిలేసి నేరుగా వైరస్‌నే వెతుకుతుంది. అందుకే ట్రయల్ ముగిశాక కూడా టెస్టుకు క్లినిక్‌కే రమ్మంటారు, రక్తదానం చేయొద్దంటారు, టీకా తీసుకున్నట్టు ఒక ఉత్తరం ఇస్తారు.

అతనికి ఆర్‌ఎన్‌ఏ టెస్టులో వైరస్ లేదని తేలింది. బీమా కంపెనీకి క్లినిక్ ఇంకో ఉత్తరం రాసిచ్చింది. మొదట ఇచ్చిన ఉత్తరం ఏమైందని అడిగితే, బీరువాలో చీరల కింద పెట్టి మర్చిపోయానన్నాడట. ఇప్పుడు దాని ఫోటో ఫోన్‌లో పెట్టుకుని తిరుగుతున్నాడు.