పిరాసెటమ్: ‘జ్ఞాపకశక్తి మాత్ర’పై అపోహలు – వాస్తవాలు

ఇంటర్మీడియట్ పరీక్షలు, ఈఏపీసెట్, నీట్ దగ్గర పడుతున్న నెలల్లో మా ఆసుపత్రి మందుల కౌంటరు దగ్గర తల్లిదండ్రులు తరచుగా అడిగే మందు పిరాసెటమ్. కొందరు నేరుగా పేరు చెప్పి అడుగుతారు. మరికొందరు, ఇంట్లో పెద్దవారికి పక్షవాతం వచ్చినప్పుడు డాక్టరుగారు రాసిన పాత చీటీ తెచ్చి, అదే మాత్ర పిల్లవాడికి వేయవచ్చా అని అడుగుతారు. విదేశాల్లో చదువుకుంటున్న పిల్లలు దీన్ని పొడి రూపంలో తెప్పించుకోవడం గురించి ఫోను చేసి అడగడమూ ఉంది. ఫార్మసిస్టుగా నాకు ఎదురయ్యే ఈ ప్రశ్నల వెనుక ఉన్న నమ్మకాలను ఒక్కొక్కటిగా పరిశీలిస్తాను.

అపోహ: ఇది బలానికి వాడే టానిక్ వంటిదే, చీటీ అక్కరలేదు.

వాస్తవం: పిరాసెటమ్ ఏ మొక్క నుంచీ తీసినది కాదు. 1964లో బెల్జియంలోని యూసీబీ కంపెనీలో కార్నెలియు జుర్జియా బృందం ప్రయోగశాలలో తయారుచేసిన రసాయనం ఇది. మన దేశంలో ఇది షెడ్యూల్ హెచ్ మందు. అంటే, రిజిస్టర్డ్ డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. మాత్రల అట్టను తిప్పి చూస్తే ఆర్‌ఎక్స్ గుర్తు, దానితోపాటు ఆ హెచ్చరిక చిన్న అక్షరాల్లో కనిపిస్తాయి. 800 మిల్లీగ్రాముల మాత్రగా, పిల్లల కోసం సిరప్‌గా, పక్షవాతం రోగులకు సిటికోలిన్ అనే మరో మందుతో కలిపిన మాత్రగా ఇది దొరుకుతుంది. చాలా ఇళ్లలో ఆ కలిపిన మాత్రే ఉంటుంది కానీ, అందులో పిరాసెటమ్ ఉన్న సంగతి వాడుతున్నవారికి తెలియదు.

అమెరికాలో పరిస్థితి వేరు. అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని మందుగా ఆమోదించలేదు, ఆహార సప్లిమెంట్‌గా అమ్మడానికీ ఒప్పుకోలేదు. అయినా అమ్మకాలు ఆగలేదు. 2019లో వెలువడిన ఒక పరిశోధనలో ఆ దేశంలో అమ్ముతున్న కొన్ని ఉత్పత్తులను పరీక్షించగా, లేబుల్ మీద చెప్పినట్టే వాడితే రోజుకు 11 గ్రాములకు పైగా ఒంట్లోకి చేరే అవకాశం ఉందని తేలింది. డాక్టరు పర్యవేక్షణ లేకుండా ఎవరూ తీసుకోకూడని మోతాదు అది.

అపోహ: ఆరోగ్యంగా ఉన్న విద్యార్థి వాడితే చదివింది బాగా గుర్తుంటుంది.

వాస్తవం: ఈ నమ్మకానికి ఆధారంగా తరచుగా చూపే అధ్యయనం 1976 నాటిది. అందులో పాల్గొన్నది 16 మంది కళాశాల విద్యార్థులు. మొదటి వారం తరువాత ఏ తేడా కనిపించలేదు, రెండు వారాల తరువాత పదాలను నేర్చుకునే పరీక్షలో కొంత మెరుగుదల కనిపించింది. పదహారు మందితో, కొద్ది రోజుల పాటు, పదాల జాబితాలతో జరిగిన ఆ ప్రయోగాన్ని ఏడాది పొడవునా ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివే పిల్లలకు అన్వయించడానికి శాస్త్రీయంగా ఏ వీలూ లేదు. ఆరోగ్యవంతుల పరీక్ష మార్కులను పిరాసెటమ్ పెంచుతుందని నిరూపించిన పెద్ద అధ్యయనం ఏదీ లేదు.

ఇది మెదడుకు ఆక్సిజన్‌ను పెంచుతుందని చెప్పేవారూ ఉన్నారు. కణాల పైపొర ఒదుగుదలను ఇది మార్చుతుందనీ, ఎర్ర రక్తకణాలు సన్నటి నాళాల్లో తేలికగా సాగేలా చేస్తుందనీ పరిశోధనల్లో కనిపించిన మాట నిజమే. అయితే ఆ మార్పులు ముఖ్యంగా వృద్ధాప్యం వల్లనో, జబ్బు వల్లనో దెబ్బతిన్న కణాల్లో గమనించినవి. పదిహేడేళ్ల ఆరోగ్యవంతుడి మెదడులో సరిచేయవలసిన ఆ లోపమే లేదు.

ఈ మధ్య ఒక తండ్రి, ‘అమ్మాయికి చదివింది నిలవడం లేదండి, ఈ సిరప్ ఇవ్వండి’ అన్నారు. అమ్మాయి ఎన్నింటికి పడుకుంటుందని అడిగాను. హాస్టల్లో రాత్రి ఒంటిగంట దాకా స్టడీ అవర్స్, తెల్లవారుజామున ఐదింటికి మళ్లీ లేపుతారని చెప్పారు. పగటి పూట చదివినది మెదడులో స్థిరపడేది నిద్రలోనే అని ఆయనకు వివరించి, సిరప్‌కు బదులు పిల్లల డాక్టరును కలిసి ముందుగా హిమోగ్లోబిన్ చూపించమని చెప్పాను. మన ఆడపిల్లల్లో రక్తహీనత చాలా ఎక్కువ. ఏకాగ్రత కుదరకపోవడానికి అదీ ఒక కారణం, పైగా ఐరన్‌తో నయమయ్యే కారణం.

అపోహ: చదువులో వెనకబడిన పిల్లలకైనా తప్పక పనిచేస్తుంది.

వాస్తవం: పుట్టుకతోనే మేధాశక్తి ఎదుగుదల మందగించే డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఎంతో ఆశతో ఈ మందును అడుగుతారు కాబట్టి, ఈ విషయం స్పష్టంగా చెప్పాలి. 2001లో ప్రచురితమైన అధ్యయనంలో, చివరి వరకు కొనసాగిన 18 మంది డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో మేధాశక్తి మెరుగుపడలేదు సరికదా, ఏడుగురిలో దుడుకుతనం, చిరాకు, నిద్ర పట్టకపోవడం వంటి దుష్ఫలితాలు కనిపించాయి. ఆ బిడ్డకు నిజంగా మేలు చేసేవి స్పీచ్ థెరపీ, థైరాయిడ్ పరీక్షలు, వినికిడి పరీక్ష, ఓపికగా చెప్పే గురువు. డిస్లెక్సియా, అంటే అక్షరాలు చదవడంలో ఇబ్బంది ఉన్న పిల్లలపై 1980లలో జరిగిన కొన్ని ప్రయోగాల్లో చదవడంలో స్వల్ప మెరుగుదల కనిపించింది కానీ, అది ప్రామాణిక చికిత్సగా నిలబడలేదు. గుక్కపట్టి ఏడ్చి నీలబడిపోయే పసిపిల్లలకు కొందరు పిల్లల డాక్టర్లు దీన్ని రాస్తారు. అది వేరే సందర్భం, జ్ఞాపకశక్తితో దానికి సంబంధం లేదు.

అపోహ: పెద్దవారి మతిమరుపుకు, పక్షవాతానికి ఇది తిరుగులేని మందు.

వాస్తవం: డిమెన్షియా (వృద్ధాప్యపు మతిమరుపు జబ్బు)పై జరిగిన ప్రయోగాలను క్రోడీకరించిన కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ సమీక్ష, దీని వాడకాన్ని సమర్థించేంత ఆధారం లేదని చెప్పింది. పక్షవాతం వచ్చిన తొలి గంటల్లో దీన్ని ఇచ్చి చూసిన 927 మంది రోగుల అధ్యయనం 1997లో వెలువడింది. కోలుకోవడంలో మొత్తం మీద తేడా కనిపించలేదు. మరణాలు పిరాసెటమ్ తీసుకున్నవారిలో కొద్దిగా ఎక్కువగా ఉన్నా, ఆ తేడా నిర్ధారణకు చాలేంతది కాదు. పెద్దవారికి మతిమరుపు మొదలైందంటే ముందు చూడవలసినవి విటమిన్ బి12, థైరాయిడ్, మానసిక కుంగుబాటు, ఇంకా వారు రోజూ వేసుకుంటున్న మందుల జాబితా. నిద్రమాత్రలే మతిమరుపుకు కారణమైన సందర్భాలు నేను తరచుగా చూస్తుంటాను.

అపోహ: దుష్ఫలితాలు లేవు, ఎంత వేసుకున్నా ఫరవాలేదు.

వాస్తవం: దీని విషప్రభావం తక్కువే, అందుకే ఈ మాట పుట్టింది. అయితే ఈ మందు శరీరంలో విచ్ఛిన్నం కాకుండా కిడ్నీల ద్వారానే బయటకు పోతుంది. కాబట్టి వాటి పనితీరు తగ్గినకొద్దీ మోతాదు తగ్గించాలి, తీవ్రంగా దెబ్బతిన్నవారికి అసలు ఇవ్వకూడదు. మన ప్రాంతంలో మధుమేహంతో కిడ్నీలు దెబ్బతిన్న పెద్దలు ఎంతోమంది ఉన్నారు, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుల సంగతి అందరికీ తెలిసిందే. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు అతుక్కోవడాన్ని ఇది తగ్గిస్తుంది కనుక, ఆస్పిరిన్, వార్ఫరిన్ వంటి రక్తం పలుచన చేసే మందులతో కలిస్తే రక్తస్రావం ముప్పు పెరగవచ్చు. మెదడులో రక్తస్రావమైన రోగులకు ఇది నిషిద్ధం. ఆందోళన, నిద్రలేమి, మగత, బరువు పెరగడం కూడా నమోదైన దుష్ఫలితాలే. పరీక్షల ముందు పిల్లవాడికి నిద్ర చెడిపోతే మందు వేసిన ఉద్దేశమే దెబ్బతింటుంది.

అపోహ: అయితే ఇది దేనికీ పనికిరాని మందు.

వాస్తవం: ఇదీ సరికాదు. కార్టికల్ మయోక్లోనస్ అనే జబ్బులో కాళ్లూ చేతులూ ఉన్నట్టుండి కుదుపులకు లోనవుతాయి, గ్లాసు నోటి దాకా తీసుకెళ్లడం కూడా కష్టమవుతుంది. అటువంటి రోగులకు ఇతర మందులతో పాటు పిరాసెటమ్ నిజంగా ఉపశమనం ఇస్తుంది. న్యూరాలజిస్టు పర్యవేక్షణలో రోజుకు 7.2 గ్రాములతో మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి 24 గ్రాముల దాకా పెంచుతారు. ఈ జబ్బుకు వాడుతున్నవారు ఒక్కసారిగా మానేస్తే కుదుపులు తిరగబెట్టవచ్చు, ఫిట్స్ కూడా రావచ్చు. అందుచేత డాక్టరు చెప్పిన ప్రకారం మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

ఇప్పటికే వాడుతున్నవారు ఏ జబ్బుకు రాశారో చీటీ చూపించి డాక్టరును అడగండి. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించుకుని చాలా కాలమైతే చేయించుకోండి. పన్ను తీయించుకోవడానికి గానీ, శస్త్రచికిత్సకు గానీ వెళ్లేటప్పుడు ఈ మాత్ర వాడుతున్నట్టు ముందుగా చెప్పండి. తాతగారి మాత్రలు మిగిలిపోతే వాటిని పిల్లలకు అందని చోట వేరుగా ఉంచండి.