తెల్ల రంగు లేని తెల్ల ఎలుగుబంటి

చలికాలం కుకీల గురించి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. ధ్రువపు ఎలుగుబంటి, కుందేలు, రెయిన్‌డీర్ ఆకారాల్లో కుకీలు చేసి, రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని తెల్లటి రాయల్ ఐసింగ్ (గుడ్డు తెల్లసొనలో చక్కెర పొడి గిలక్కొట్టి చేసే పూత) వేశారట. పొద్దున లేచి చూస్తే ఎలుగుబంట్ల పొట్టల మీద నీటి మరకల్లాంటి మచ్చలు. ముట్టుకుంటే తడి లేదు, రుచి మారలేదు. "నేను రంగేమీ కలపలేదండీ, మరి ఈ మరకలు ఎక్కడివి? ఐసింగ్ పాడైపోయిందా?" అని అడిగారు.

పాడవలేదు. అవి వెన్న మరకలు. కుకీలోని వెన్న మెల్లగా పైకి పాకి ఐసింగ్‌లోకి చేరింది. జవాబు ఇంతే. కానీ నన్ను పట్టుకుని వదలనిది ఇంకో సంగతి. వెన్నది లేత పసుపు, కాబట్టి మచ్చ పచ్చగా ఉండాలి. అలా లేదు, ఉన్న తెలుపు పోయి కింది కుకీ మసకగా కనిపిస్తోంది. వెన్న చుక్క తెలుపును ఎలా మాయం చేసింది?

ఒక నల్ల పళ్ళెం తీసుకోండి. చెంచాడు ఐసింగ్ షుగర్, అంటే మెత్తటి చక్కెర పొడి, దాని మీద పలచగా పరవండి. ఒక పక్కన రెండు చుక్కల నూనె వేసి కాసేపు ఆగండి. నూనె పాకిన మేరకు తెలుపు పోయి పళ్ళెం నలుపు బయటపడుతుంది. చక్కెర కరిగిపోయింది అనుకుంటాం. కానీ చక్కెర నూనెలో కరగదు! వేలితో రుద్దితే సన్నటి గరుకు తగులుతుంది. రేణువులన్నీ అక్కడే ఉన్నాయి, కనిపించడం మానేశాయి. ఈ ప్రయోగం ఎన్నిసార్లు చేసినా నాకు తనివి తీరదు.

కాంతి ఒక పదార్థం నుంచి ఇంకో దానిలోకి పోయేటప్పుడు, రెండింటి వక్రీభవన గుణకాల (పదార్థంలో కాంతి వేగం ఎంత తగ్గుతుందో చెప్పే సంఖ్యల) మధ్య ఎంత తేడా ఉంటే సరిహద్దు దగ్గర అంత ఎక్కువ కాంతి వెనక్కి తిరుగుతుంది. గాలికి 1, చక్కెర స్ఫటికానికి సుమారు 1.54. తేడా 0.54ను మొత్తం 2.54తో భాగించి, వచ్చినదాన్ని వర్గం చేస్తే 0.045. అంటే నిటారుగా పడ్డ కాంతిలో 4.5 శాతం వెనక్కి వస్తుంది. కిటికీ అద్దం ఒక్కో తలం కూడా దాదాపు అంతే తిప్పుతుంది, అయినా అద్దం తెల్లగా ఉండదు. ఎందుకంటే అద్దానికి ఉన్నవి రెండే తలాలు. చక్కెర పొడిలో ఎన్ని? ఒక్కో రేణువు 40 మైక్రోమీటర్లు అనుకుందాం. 2 మిల్లీమీటర్ల మందంలో 50 రేణువులు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, అంటే 100 తలాలు. ప్రతి చోటా 4.5 శాతం వెనక్కి పోతూ ఉంటే, దారి తప్పకుండా కింది దాకా చేరేది సుమారు 1 శాతమే. తక్కిన 99 శాతం రేణువుల మధ్య అటూ ఇటూ కొట్టుకుని, చివరికి చాలావరకు పైకే వచ్చేస్తుంది.

ఇప్పుడు గాలి ఉన్న చోట వెన్న పెట్టండి. కరిగిన వెన్నకు గుణకం సుమారు 1.46. చక్కెరతో తేడా 0.08 మాత్రమే. అదే లెక్క కడితే ఒక్కో తలం దగ్గర వెనక్కి తిరిగేది 0.07 శాతం, మునుపటికన్నా సుమారు 60 రెట్లు తక్కువ. అవే 100 తలాలు దాటాక కూడా 93 శాతం కాంతి నేరుగా కిందికి దిగిపోతుంది. ఇది ముతక లెక్కే, తలాల దగ్గర కాంతి వంగడాన్ని నేను వదిలేశాను. అయినా 1 శాతం ఎక్కడ, 93 శాతం ఎక్కడ! ఎలుగుబంటి పొట్ట మీద మచ్చ అంటే ఇదే. నూనె అంటిన కాగితం వెనక అక్షరాలు కనిపించేదీ ఇందుకే.

తిరిగొచ్చే కాంతి తెల్లగానే ఎందుకు ఉంటుందంటే, చక్కెర కంటికి కనిపించే ఏ రంగునీ చెప్పుకోదగ్గంత పీల్చుకోదు, అన్నిటినీ ఇంచుమించు సమానంగా తిప్పికొడుతుంది. బడిలో ఏడు రంగుల చక్రం తిప్పి, రంగులన్నీ కలిస్తే తెలుపు అని చెబుతాం. మంచిదే. ఆ పక్కనే ఒక పటికబెల్లం ముక్కను పిల్లల ముందు పొడి చేసి చూపిస్తే ఎంత బాగుంటుంది! గాజులాంటి ముక్క వాళ్ళ కళ్ళెదుటే తెల్లబడుతుంది.

ఐసింగ్ సంగతికి వద్దాం. ఒక గుడ్డు తెల్లసొన 33 గ్రాములనుకుంటే అందులో నీళ్ళు 29 గ్రాముల దాకా ఉంటాయి. గది వేడిమిలో నీళ్ళు తమ బరువుకు రెట్టింపు చక్కెరను కరిగించుకోగలవు, అంటే 58 గ్రాములు. మనం కలిపేది 225 గ్రాములు. కాబట్టి 160 గ్రాములకు పైగా చక్కెర ఎంత గిలక్కొట్టినా స్ఫటికాలుగానే మిగిలిపోతుంది. పైగా తెల్లసొన ప్రొటీన్లు గాలి బుడగల చుట్టూ పొరలా అల్లుకుని వాటిని పట్టి ఉంచుతాయి. అన్ని సరిహద్దులూ అక్కడ పుట్టినవే. గిన్నెకు కొవ్వు అంటుకున్నా, పచ్చసొన చుక్క పడ్డా నురుగు సరిగ్గా నిలవదు, తెలుపూ తగ్గుతుంది. పచ్చి సొన వాడాలంటే భయం ఉన్నవాళ్ళు పాశ్చరైజ్ చేసిన సొన గానీ మెరింగ్ పౌడర్ (ఎండబెట్టిన తెల్లసొన పొడి) గానీ వాడుకోవచ్చు.

తెల్లగా రావాలని కొందరు టైటానియం డయాక్సైడ్ ఉన్న తెల్ల రంగు కలుపుతారు. దాని గుణకం 2.5 పైమాటే, అందుకే వెన్నలో మునిగినా తెల్లగా మెరుస్తుంది. కానీ ఆహారంలో దాని వాడకాన్ని యూరోపియన్ యూనియన్ 2022లో నిషేధించింది. బుడగలూ స్ఫటికాలూ చేసే పనికి అది అవసరమే లేదని నా అభిప్రాయం.

అసలు ఎలుగుబంటికీ తెల్ల రంగు లేదు! ధ్రువపు ఎలుగుబంటి వెంట్రుకలో రంగు పదార్థం ఉండదు. దాని చర్మం నలుపు. పై వెంట్రుకలు లోపల బోలుగా ఉంటాయి. గాలికీ, వెంట్రుకలోని ప్రొటీన్ అయిన కెరటిన్‌కీ మధ్య సరిహద్దులు కాంతిని చెదరగొట్టడంతో మనకు తెల్లగా కనిపిస్తుంది. మన కుకీ మీద చక్కెర చేసే పనే అది. ఆ వెంట్రుకలు సూర్యకాంతిని గొట్టాల్లా చర్మం దాకా మోసుకుపోతాయనే కథ చాలాకాలం ప్రచారంలో ఉంది, ఇప్పటికీ చెప్పేవాళ్ళున్నారు. డేనియల్ కూన్ అనే భౌతిక శాస్త్రవేత్త 1998లో వెంట్రుకను కొలిచి అది నిజం కాదని తేల్చారు. 1970ల చివర్లో అమెరికాలోని సాన్ డియాగో జూలో మూడు ధ్రువపు ఎలుగుబంట్లు ఆకుపచ్చగా మారాయి. చూస్తే, బోలు వెంట్రుకల లోపల నాచు పెరుగుతోంది.

ఇక ఉత్తరానికి చేతిలో పనికొచ్చే జవాబు. కుకీలు పూర్తిగా చల్లారాకే ఐసింగ్ వేయండి. వెన్న 35 డిగ్రీల లోపే కరిగిపోతుంది కాబట్టి గోరువెచ్చటి కుకీ అయినా వెన్నను పైకి పంపుతుంది. కాల్చాక కొన్ని గంటలు కాగితం మీద పరిచి ఉంచితే పైన తేలిన వెన్న కాగితానికి అంటుకుంటుంది. ఐసింగ్‌ను మరీ నీళ్ళగా చేయకండి. నీళ్ళు ఎక్కువైతే చక్కెర ఎక్కువ కరుగుతుంది, ఆరడం ఆలస్యమవుతుంది, ఆలోగా వెన్నకు దారి దొరుకుతుంది. వేశాక ఫ్యాన్ కింద పెట్టి త్వరగా ఆరనివ్వండి. కుందేలు చెవులు సాగిపోకుండా కోసిన పిండిని కాల్చే ముందు ఫ్రిజ్‌లో పెట్టడం మీకు తెలిసే ఉంటుంది.

రెయిన్‌డీర్లకు కళ్ళు నల్ల చుక్కలతో పెట్టానని రాశారు. ఈసారి నల్ల చుక్క మధ్యలో ఒక నీలం మెరుపు పెట్టి చూడండి. వాటి కంటి వెనక అద్దంలాంటి పొర వేసవిలో బంగారు రంగులో, చలికాలపు చీకటిలో నీలంగా మెరుస్తుందని 2013లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ పొరలోని కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులు దగ్గరకు జరగడంతో వచ్చే నీలం అది. అందులోనూ ఏ రంగు పదార్థమూ లేదు.